చిలకలంచు తుపాకులు

ఆ పొద్దున ఆకాశం, వస్తానని కబురు పంపి ఎగ్గొట్టే చుట్టం మాదిరిగా ఉంది. తూర్పున నల్లటి మబ్బొకటి గుట్ట అంచున కూచుని, లేద్దామా వద్దా అని ఆలోచిస్తోంది. కింద చెనిక్కాయ చేలన్నీ దాని వంకే చూస్తున్నాయి. మొగిలాచారి మాత్రం చూడలేదు. తన లేజర్ మిషన్‌ను ఆటోలోకి ఎక్కించి, అది దొర్లకుండా రెండు పక్కలా గోతాలు కుక్కి, పైన పట్టా కప్పుతున్నాడు. దాన్ని పోలీస్ స్టేషన్‌కు తీసుకుపోవాలి.

ఆచారి ఏ తప్పూ చేయలేదు. అప్పటికి.

గుట్టకిందపల్లె బస్టాండులో స్టీలు సామాన్ల అంగడిని ఆనుకుని అతని కొట్టు. బల్ల వేస్తే కుర్చీకి చోటుండదు, కుర్చీ వేస్తే బల్లకు చోటుండదు. అందుకని ముప్పై ఏళ్ళుగా నిలబడే గిన్నెల మీద పేర్లు చెక్కుతున్నాడు. తండ్రి కాలంలో సుత్తీ ఉలీ. తన కాలంలో కరెంటు పెన్ను. కిందటేడు లేజర్ మిషన్. ల్యాప్‌టాప్‌లో పేరు కొడితే సన్నటి వెలుగు చీమలాగా పాకి, ఇనుము మీద ఆ పేరు రాసేసి, ఏమీ ఎరగనట్టు ఆరిపోతుంది. పెళ్ళి బిందెలకు చిలకల అంచు, గృహప్రవేశం బకెట్లకు మామిడాకుల అంచు, రిటైరైన అయ్యవార్లకిచ్చే పళ్ళాలకు తామరపూల అంచు. అన్నీ అందులోనే ఉంటాయి.

ఆ పనిలో ఒకటే నియమం. గిన్నె మీద పేరు ఇచ్చినవాళ్ళది. తినేవాళ్ళది కాదు. తండ్రి నేర్పిన మాట అది. "బిందె ఎవురిదో మోసేదానికి తెలుసురా. ఎవురిచ్చిందో ఊరికి తెలియాల. మన పని అదే" అనేవాడు ఆయన. మండలంలో ఏ ఇంట్లో అటక దింపినా పేర్లన్నీ వేరే ఇళ్ళవాళ్ళవే. మేనమామలు, పిన్నమ్మలు, సావాసగాళ్ళు, ఓడిపోయిన సర్పంచులు. ఎవరి పేరున్న గిన్నెలో వాళ్ళే తినాలంటే ఆ పూటకు మండలమంతా పస్తే. ముప్పై ఏళ్ళలో ఆ నియమాన్ని తప్పుపట్టినవాడు లేడు.

ఇట్లా ఉండగా పైనుంచి ఒక ఉత్తర్వు దిగింది. పైన అంటే ఎంత పైన అన్నది కింద ఎవరికీ తెలియదు. అక్కడ ఒక పెద్ద అధికారి ఏదో సభలో లేజర్ వెలుగు చూసి ముగ్ధుడైపోయాడట. నెల తిరక్కుండా బడి బల్లలకు, బోరింగు పంపులకు, వీధి దీపాల స్తంభాలకు లేజర్‌తో పేర్లు పడ్డాయి. ఇక పేరు లేకుండా మిగిలింది తుపాకులే అని ఒక సమీక్షలో తేలింది. 'పేరున్న ఆయుధమే ప్రగతికి ఆధారం' అనే నినాదంతో, లైసెన్సున్న తుపాకులన్నిటినీ పోలీస్ స్టేషన్‌కు రప్పించి, వాటి మీద పదిహేను దినాల్లో పేర్లు చెక్కించి, ఆ పేర్లకు ఫొటోలు తీసి, యాప్‌లో పెట్టవలెనని ఆ ఉత్తర్వు సారాంశం.

గుట్టకిందపల్లె మండలంలో తుపాకులు ముప్పై ఏడు. అన్నీ పంట కావలి తుపాకులే. గుట్ట మీద అడివిపందులుంటాయి, గుట్ట కింద చెనిక్కాయ ఉంటుంది, మధ్యలో ఈ ఒంటిగొట్టం తుపాకులుంటాయి. చాలావరకు తాతలనాటివి. వాటితో పందిని కొట్టినవాడు ఎవడూ లేడు గానీ, పందులు మాత్రం ఆ చప్పుడుకు ఒక మర్యాద ఇచ్చేవి.

తహసీల్దారు ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు సంపత్ ఆ ఉత్తర్వును ఆచారికి నిలబెట్టి చదివి వినిపించాడు. అంతా విని, పేరు ఎవరిది చెక్కాలని ఆచారి అడిగాడు.

"ఉత్తర్వులో 'పేరు చెక్కించవలెను' అని స్పష్టముగా ఉన్నది. అంతకుమించి ప్రశ్నించుట ఉత్తర్వును శంకించుట అగును" అన్నాడు సంపత్. అతను మామూలుగా మాట్లాడేవాడే. చేతిలో కాగితం ఉంటే మాత్రం అట్లా మాట్లాడతాడు.

ఆచారి శంకించే మనిషి కాదు. పని తెలుసుకునే మనిషి. గిన్నెల అంగడిలో అడిగినట్టే అడిగాడు. ఈ తుపాకులు వీళ్ళకు ఇచ్చింది ఎవరు అని. సంపత్ కాగితం పక్కన పెట్టి, ఆ మాటకొస్తే తహసీల్దారు గారే అన్నాడు. ఆయన సిఫారసు లేనిదే ఈ మండలంలో ఎవడి చేతికీ తుపాకీ రాదన్నాడు. ఆచారి తలూపాడు. ఇక అడగవలసింది ఏమీ లేదు.

నమూనాగా మొదట చెక్కవలసింది ఒకటో నంబరు లైసెన్సు తుపాకీ. అది గంగులమ్మది. మొగుడు పోయాక లైసెన్సు ఆమె పేరుకు మారింది. గుట్ట మొదట్లో రెండెకరాల చెనిక్కాయ చేను, ఆ తుపాకీ, ఒక గొడ్డు. ఆమెకున్నవి అవే. అరవై దాటినా ఒంటరిగానే కావలి కాస్తుంది. పాత చీరలో చుట్టి, చంకలో పెట్టుకుని స్టేషన్‌కు తెచ్చింది.

"ఎన్ని దినాలు పడతాది ఆచారీ?"

"మూడు దినాలు అక్కా."

"కాయ ఊరతాండాది. ఇంగ పద్నాలుగు దినాల్లో పెరకాల. పందులు గుట్ట మింద కూచోని, ముసిల్ది తుపాకి యాడికి ఎత్తకపోయిందా అని చూస్తాండాయి. మూడు దినాలంటే మూడే."

ఆచారి మాటిచ్చాడు. స్టేషన్ వసారాలో మిషన్ దించి, కిరసనాయిలు గుడ్డతో తుప్పు తుడిచి, గొట్టం గుండ్రంగా ఉంటుంది కాబట్టి అది దొర్లకుండా వెదురుబద్ద చీల్చి రెండు ఆపులు చేసుకున్నాడు. గుండ్రటి ఇనుము మీద వెలుగు అంచులకు పోయేకొద్దీ మసకబారుతుంది. అందుకని రెండక్షరాలకొకసారి గొట్టాన్ని వెంట్రుకవాసి తిప్పాలి. ఒక మధ్యాహ్నమంతా తిప్పాడు. పెళ్ళి బిందెల అంచే అలవాటు కాబట్టి రెండు వైపులా రెండు చిలకలు వచ్చాయి. వాటి మధ్య నల్లగా, నిగనిగలాడుతూ: 'శ్రీ కె. పురుషోత్తం, ఎం.ఎ., తహసీల్దారు గారి కానుక.'

పురుషోత్తం గారికి ఇరవై ఆరేళ్ళ ఉద్యోగం. అన్నేళ్ళలో ఆయన పేరు ఎక్కడెక్కడ రాశారో అక్కడక్కడ చెరిపారు. ప్రతి ఊళ్ళోనూ గోడమీద చెక్కబోర్డు, రంగుతో పేరు, రెండేళ్ళకు బదిలీ, పాత రంగు మీద కొత్త రంగు. కిందటి ఆయన పేరులో మొదటి అక్షరం ఇప్పటికీ ఆయన పేరు వెనకనుంచి తొంగిచూస్తూ ఉంటుంది. అట్లాంటి మనిషి బల్లమీద సంపత్ ఆ తుపాకీ పెట్టాడు. ఆయన కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకుని, ఇనుములో ఉన్న తన పేరు చదువుకున్నాడు. చిటికెన వేలితో అక్షరాలు తడిమాడు. చెరిగేవి కావు.

గొట్టాన్ని కిటికీ వెలుగుకు తిప్పాడు.

"చిలకలు అవసరమా?" అన్నాడు చివరికి.

అవసరం లేదు గానీ అందం అన్నాడు ఆచారి. ఉండనిమ్మన్నాడు ఆయన. 'నమూనా పరిశీలించి ఆమోదించడమైనది' అని సంతకం చేసి, తేదీ వేసి, ఇంకొకసారి చదువుకుని, తుపాకీ పంపించాడు.

ఆమోదం వచ్చాక ఇక అడ్డేముంది. మాటిచ్చిన మూడు దినాల్లోనే ముప్పై ఏడు తుపాకులూ అయిపోయాయి. కానిస్టేబులొకడు గొట్టం తిప్పి పట్టుకుంటే ఆచారి చెక్కాడు. డెబ్బై నాలుగు చిలకలు. అన్నిటికీ ఫొటోలు తీసి యాప్‌లో పెట్టారు. యాప్ తెలివైనది. ఫొటోలో ఉన్న పేరు తానే చదువుకుని, తానే యజమాని గడిలో రాసుకుని, 'అభినందనలు, మీ మండలం నూరు శాతం' అని పచ్చటి అక్షరాలు చూపించింది. జిల్లాలో మొదటి స్థానం వచ్చిందని సంపత్ మిఠాయి తెప్పించాడు. ఆచారికీ ఒకటి ఇచ్చాడు.

నాలుగో దినం పొద్దున్నే గంగులమ్మ అదే పాత చీర మడిచి చంకలో పెట్టుకుని స్టేషన్‌కు వచ్చింది. ఎస్సై కొత్తవాడు, మర్యాదస్తుడు. కూచోమన్నాడు. లైసెన్సు పుస్తకం చూశాడు. తుపాకీ తెప్పించి దాన్నీ చూశాడు. మళ్ళీ పుస్తకం చూశాడు.

"నీ పేరేందమ్మా?"

"గంగులమ్మ."

"దీని మీద గంగులమ్మ అని యాడుంది?"

ఆమెకు చదువు రాదు. చిలకలు చూసింది. ఎస్సై పేరు చదివి వినిపించి, విచారంగా తల ఊపాడు. ఆయుధము మీద ఎవరి పేరు ఉన్నదో, యాప్‌లో ఎవరి పేరు ఉన్నదో వారికి మాత్రమే అప్పగించవలసిందిగా స్పష్టమైన ఆదేశములు ఉన్నవని చెప్పాడు. ఆమె కాసేపు ఆలోచించింది.

"సామీ, నా ఇంట్లో కంచాలన్నీ మా మేనమామ పేరుతో ఉండాయి. ఆయప్ప ఒగ పొద్దన్నా వచ్చి, ఇది నా కంచం, దీంట్లో నువ్వు తినగూడదు అన్లేదు."

ఎస్సై మొహంలో ఏదో కదిలింది. అతని ఇంట్లోనూ అత్తవారి ఊరి పేర్లతో గిన్నెలు ఉండే ఉంటాయి. అయినా టోపీ సర్దుకున్నాడు.

"గిన్నెకు లైసెన్సు లేదమ్మా" అన్నాడు.

కబురు తెలిసి ఆచారి కొట్టు అట్లాగే వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. గంటలో ఆ పేరు గీకేసి, గంగులమ్మ పేరు చెక్కి ఇస్తానన్నాడు. ఎస్సై లేచి తలుపు దగ్గరికి పోయి, బయట ఎవరూ లేరని చూసుకుని వచ్చాడు. తుపాకీ మీద గుర్తింపు చెరపడం పెద్ద నేరమని, జైలుకు పోతారని, ఈసారికి ఆ మాట తాను విననట్టే ఉంటానని, మళ్ళీ అంటే వింటానని చెప్పాడు.

ఇద్దరూ బయటికొచ్చారు. గంగులమ్మ తిడుతుందని ఆచారి అనుకున్నాడు. తిట్టివుంటే బాగుండేది. ఆమె మెట్లు దిగి, ఖాళీ చీర దులిపి, భుజాన వేసుకుంది.

"చిలకలు బాగుండాయి" అని, చేనికి పోయింది.

ఆ రాత్రి పందులు నాలుగు సాళ్ళు తిన్నాయి. మరుసటి రాత్రి ఆరు. ఆమె రేకుడబ్బా కొట్టింది. పందులు ఆ డబ్బాను రెండేళ్ళుగా ఎరుగును. పొద్దున ఆచారి చేని గట్టుమీద నిలబడి చూశాడు. దున్ని వదిలిపెట్టినట్టుంది నేల. పాలుగారే లేతకాయ తొక్కలు చెల్లాచెదురుగా ఉన్నాయి. పెరికేదానికి ఇంకా తొమ్మిది దినాలుంది. ఇదే లెక్కన పోతే పెరకడానికి ఏమీ మిగలదు. ఆమెకు ఏడాదికి ఒకటే పంట.

ఆ సంగతే తహసీల్దారుకు చెబుదామని ఇద్దరూ ఆఫీసుకు పోయారు. అప్పటికి ఆఫీసు వేరే చిక్కులో ఉంది.

చట్టం ప్రకారం ఒక మనిషి పేరున రెండు తుపాకులకు మించి ఉండరాదు. ఒకే పేరున ముప్పై ఏడు కనబడేసరికి యాప్ భయపడి ఎర్రబడింది. సదరు వ్యక్తికి తాఖీదు ఇచ్చి విచారించమని మండల విచారణాధికారికి పంపింది. మండల విచారణాధికారి అంటే తహసీల్దారే. పురుషోత్తం గారు నియమం తప్పే మనిషి కాదు. 'శ్రీ కె. పురుషోత్తంకు, ఇంత పెద్ద ఎత్తున ఆయుధములు ఎందుకు కలిగి ఉన్నారో తెలుపవలెను' అని తాఖీదు రాసి సంతకం చేశాడు. సంపత్ దాన్ని బల్ల ఎడమవైపునుంచి తీసుకుని, బయటికి పోయి, పంపిన కాగితాల పుస్తకంలో ఒక నంబరూ వచ్చిన కాగితాల పుస్తకంలో ఒక నంబరూ వేసి, లోపలికి వచ్చి బల్ల కుడివైపున పెట్టాడు. ఆయన అందినట్టు సంతకం చేశాడు.

ఆ సాయంత్రం ఆయన సంజాయిషీ రాసుకున్నాడు. తాను పుట్టి బుద్ధెరిగి తుపాకీ ముట్టలేదని, పటాకులు కాల్చేటప్పుడు కూడా చెవులు మూసుకుంటానని. మరుసటి పొద్దున విచారణాధికారిగా అది చదివి, తృప్తికరముగా లేదని అభిప్రాయపడ్డాడు. ముప్పై ఏడు తుపాకులున్న ఏ మనిషి అయినా ఇట్లాగే చెబుతాడు కదా అని పక్కన రాశాడు. న్యాయం ఉభయపక్షాలకూ సమానం కాబట్టి, బుధవారం పదకొండు గంటలకు స్వయముగా హాజరై చెప్పుకొనే అవకాశము తనకు ఇచ్చుకున్నాడు.

బుధవారం పదకొండుకు ఆయన హాజరయ్యాడు. విచారణాధికారిని అప్పుడే వీడియో సమావేశానికి పిలిచారు, అది మొదలు కావడానికి ఆలస్యమవుతుందన్నారు. దాంతో హాజరైనవాళ్ళు కూచునే వసారా బల్లమీద ఆయన కూచోవలసి వచ్చింది. అప్పటికే దానిమీద, ఆయన్ను కలిసే వంతు రాక మళ్ళీ వచ్చిన ఆచారి ఒక చివర, గంగులమ్మ ఒక చివర ఉన్నారు. మధ్యలో చోటిచ్చారు. పైన ఫ్యాను తిరగడం లేదు. అది ఎన్నాళ్ళుగా తిరగడం లేదని ఆయన అడిగాడు. తాను లైసెన్సు మార్చుకోను వచ్చినప్పటినుంచీ తిరగడం లేదని గంగులమ్మ చెప్పింది. అది ఎప్పుడని ఆయన అడగలేదు.

"ఎంత పోయిందమ్మా చేను?" అన్నాడు కాసేపటికి.

"పొద్దుటికి అరెకరా. మీదేంది సార్ పని, బల్ల మింద కూచునుండారు?"

"నాది కూడా విచారణేనమ్మా."

"ఎవురు పిలిచినారు?"

ఆయన తన గది తలుపు వంక చూశాడు. గంగులమ్మ కొంగుముడి విప్పి, పందులు వదిలిన కాయలు నాలుగు ఆయన చేతిలో పోసింది. ముగ్గురూ వొలుచుకుని తిన్నారు.

వీడియో సమావేశంలో పైఅధికారి ముప్పై ఏడు తుపాకుల సంగతిని సానుకూల దృక్పథంతో చూశాడు. రెండు తుపాకుల నిబంధన స్వంత రక్షణకే గాని పంట రక్షణకు వర్తించదన్నాడు. అందుచేత తహసీల్దారు నిర్దోషి. అందుకు అభినందించాడు. అయితే పంట రక్షణ తుపాకీ యజమాని స్వయముగా చేని వద్ద ఉండి పంటను రక్షించవలెను. తుపాకీతో, పేరు కనబడేటట్టు, రోజూ గట్టుమీద ఫొటో దిగి యాప్‌లో పెట్టవలెను. అది నిబంధన.

"ముప్పై ఏడు చేలు మీ రక్షణలో ఉన్నవి. క్షేత్రస్థాయిలో మీరు ఏరీ?" అని అడిగాడు. జవాబు చెప్పేలోగా వేరే మండలానికి పోయాడు.

పురుషోత్తం గారు నియమం తప్పే మనిషి కాదని చెప్పాను కదా. ఆ సాయంత్రమే స్టేషన్‌కు పోయి, నాలుగు ప్రతుల మీద సంతకాలు పెట్టి, ఒకటో నంబరు తుపాకీ తీసుకున్నాడు. ఎస్సై పేరు సరిచూసుకుని, సెల్యూట్ కొట్టి మరీ ఇచ్చాడు. జీపులో ఆయన, సంపత్, ఒక గొడుగు, ఒక ఫైలు, వెనక సీట్లో సీటుబెల్టు కట్టిన తుపాకీ గంగులమ్మ చేనికి పోయాయి. గుంజల మీద కట్టిన కావలి మంచె ఎక్కడానికి ఆయనకు రెండుసార్లు పట్టింది.

ఫొటోలో పేరు స్పష్టంగా కనబడాలి కాబట్టి గొట్టం తుడవడానికి ఆచారిని రమ్మన్నారు. పిలవకపోయినా వచ్చేవాడే. కొట్లో నిలబడబుద్ధి కావడం లేదు. ఎవరో పెళ్ళి బిందె తెస్తే, పేరు ఎవరిది వెయ్యమంటారని మూడుసార్లు అడిగాడు. వాళ్ళు బిందె తీసుకుని వేరే ఊరికి పోయారు.

మొదటి రాత్రి సంపత్ చేతిదీపం వెలుగు చూసి పందులు రాలేదు. రెండో దినానికి, తహసీల్దారు చేనిలో ఉన్నాడని తెలిసి, ఆదాయం సర్టిఫికెట్ల జనం, పట్టా పుస్తకాల జనం చేనికే వచ్చారు. మంచె కింద సంపత్ ముద్రలు వేసే బల్ల పెట్టాడు. 'క్యాంపు ఆఫీసు' అని అట్టముక్క మీద రాసి గుంజకు కట్టాడు. కాగితాలు కర్రకు గుచ్చి పైకి అందిస్తే ఆయన సంతకం చేసి కింద పడేసేవాడు. ఆఫీసులో కంటే పని తొందరగా అవుతోందని జనం చెప్పుకున్నారు. మూడో దినానికి వరస గట్టు దాటి చేలోకి వచ్చింది. పందులు అరెకరా తిన్నాయి. జనం మూడు సాళ్ళు తొక్కారు. గంగులమ్మ రెండూ చూస్తూ గొడ్డుకు గడ్డి కోసింది.

మూడో దినం పొద్దుగూకే యాళకు జనం పోయారు. గుట్టమీది మబ్బు ఇంకా ఆలోచిస్తూనే ఉంది. అప్పుడు గుట్ట కింది వాగు వంకలోంచి పందులు పైకి వచ్చాయి. ముందు తల్లి, వెనక వరసగా పిల్లలు. పెరకబోయే సాళ్ళ వైపే నేరుగా వస్తున్నాయి. మిగిలిన కాయంతా అక్కడే ఉంది.

మంచె మీద పురుషోత్తం గారు తుపాకీ పట్టుకుని లేచాడు. మంచె కిరకిరలాడింది. సంపత్ ఆగండి సార్ అన్నాడు. కాల్చకముందే పూరించవలసిన ఫారం ఒకటుంది. తూటాల సంఖ్య, కాల్చు దిక్కు, కాల్చవలసి వచ్చిన కారణము. అవి గబగబా అయిపోయాయి. ఏడో గడిలో జంతువుల సంఖ్య దగ్గర పని ఆగింది. సంపత్ తొమ్మిది లెక్కపెట్టాడు. ఆచారి ఎనిమిదే అన్నాడు. అవి నిలబడితే కదా. తప్పుడు సంఖ్య వేస్తే తర్వాత తనిఖీలో ఇబ్బంది అవుతుందని సంపత్ మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టసాగాడు. పందులు మొదటి సాలుకు చేరి ముట్టె దించాయి.

గంగులమ్మ కొడవలి కింద పెట్టింది. మంచె ఎక్కింది. పసిబిడ్డ చేతిలోంచి వేడిగిన్నె తీసుకున్నట్టుగా ఆయన చేతిలోంచి తుపాకీ తీసుకుంది. గొట్టం ఆకాశానికి ఎత్తి, మొహం పక్కకు తిప్పి, పేల్చింది.

చప్పుడు గుట్టకు పోయి, తగిలి, తిరిగి వచ్చింది. పందులు ఆ చప్పుడును గుర్తుపట్టాయి. తల్లి వెనక్కి తిరిగింది, పిల్లలు వరస తప్పకుండా దాని వెనకే వంకలోకి దిగిపోయాయి. అప్పుడు నిదానంగా లెక్కకు అందాయి. ఎనిమిదే.

సంపత్ మొదట మాట్లాడాడు. యజమాని సమక్షంలో యజమాని కాని వ్యక్తి ఆయుధము ప్రయోగించుట నేరమని, ఇప్పుడు ఈమె మీద కేసు పెట్టవలసి ఉంటుందని, పెట్టకపోతే తమ మీద పెడతారని గొంతు తగ్గించి చెప్పాడు.

పురుషోత్తం గారు చెవులమీది చేతులు తీశాడు. కింద మిగిలిన చేను చూశాడు. మంచె మీద నిలబడి గొట్టంలోని పొగ ఊదుతున్న గంగులమ్మను చూశాడు. ఆ గొట్టం మీద తన పేరు చూశాడు. ఇరవై ఆరేళ్ళలో అది ఇనుములో పడింది ఈ తుపాకుల మీదే.

"యజమాని తన బదులు తుపాకీ పట్టుకోవడానికి కావలి మనిషిని పెట్టుకోవచ్చని నిబంధన ఉంది కదా, సంపత్?"

"ఉన్నది సార్. లిఖితపూర్వకముగా నియమించవలెను."

"రాసుకో."

ఆయన చెప్పాడు, సంపత్ రాశాడు. 'నా పేరున గల ఒకటో నంబరు తుపాకీకి నా తరఫున కావలిగా శ్రీమతి గంగులమ్మను నియమించడమైనది. సదరు తుపాకీ ఆమె ఇంటనే ఉండును. ఎప్పుడు పేల్చవలెనో ఆమె నిర్ణయించును.' అట్లాంటివే రేపు పొద్దున మరో ముప్పై ఆరు, ఎవరి తుపాకీకి వాళ్ళనే కావలి పెడుతూ సిద్ధం చేయమన్నాడు. ఎంతకాలానికి నియామకమని సంపత్ అడిగాడు.

"ఇనుము ఉన్నంతకాలం."

తేదీ పక్కన సమయం వెయ్యాలి. సంపత్ గడియారం చూసుకున్నాడు. తర్వాత మిగతా ముగ్గురి మొహాలూ చూశాడు. తుపాకీ పేలడానికి రెండు నిమిషాల ముందు సమయం వేశాడు. అతను ఉద్యోగంలో చేరిన తర్వాత చేసిన మొదటి తప్పు అది. దానికి చేతిలో కాగితం కూడా అడ్డం రాలేదు.

చీకటి పడేలోగా గంగులమ్మ గుడిసె ముందు పొయ్యి వెలిగింది. రాగిసంగటి గెలికి, చెనిక్కాయ ఊరిబిండి నూరింది. తినిపొమ్మని ఎవరినీ అడగలేదు. నాలుగు కంచాలు పెట్టింది, అంతే. తుపాకీ గుడిసె మూల తన పాత చోట ఆనుకుని ఉంది, చిలకలు బయటికి కనబడేటట్టు.

పురుషోత్తం గారి ముందున్న కంచం అంచున ఏవో గీతలున్నాయి. బూడిదతో తోమి తోమి సగం అరిగినవి. ఆయన కళ్ళజోడు సర్దుకుని, పొయ్యి వెలుగుకు కంచం వంచి, వేలితో తడుముతూ చదివాడు. సుత్తీ ఉలితో చుక్కచుక్కగా కొట్టిన ఒక పేరు, చివర 'కానుక' అనే మాట, రెండు పక్కలా రెండు చిలకలు. ఒక చిలకకు ముక్కు అరిగిపోయింది. అది ఆచారి తండ్రి చేతిపని. ఆయన తలెత్తి ఆచారిని చూశాడు. ఆచారి తన కంచంలోకి చూసుకున్నాడు.

గంగులమ్మ ఆ కంచంలో ఒక ముద్ద పెట్టి, మధ్యలో గుంత చేసి, ఊరిబిండి వేసింది. ఆయన కంచం నేలమీద పెట్టుకున్నాడు. ఆ కంచం ఎవరిదని అడగలేదు. నలుగురూ తలలు వంచుకుని, గుట్ట వైపు ఒక చెవి వేసి తిన్నారు.